అయిదో గుండు

పోయిన వారం మీరు పత్రిక మూసి పక్కన పెట్టేసి మీ పనులు మీరు చూసుకుని ఉంటారు. నేను మాత్రం మా వంటింటి కిటికీ దగ్గరే, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో బిగుసుకుపోయి నిలబడ్డాను. కిటికీ గట్టు మీద, నా రక్తపోటు మాత్రల సీసా పక్కన, ఎవరో ఒక సీసపు గుండు నిలబెట్టి పోయారు. తలుపులన్నీ లోపలినుంచి నేనే గడియ వేశాను. వేసిన గడియ వేసినట్టే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. నా పేరు లవాన్ హెగ్‌స్టాడ్. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. మోంటానాలో హారో క్రీక్ ఊరికి పద్నాలుగు మైళ్ళ అవతల, నలభై ఆవుల మధ్య ఒక్కదాన్నే ఉంటున్నాను. నా భర్త ఆర్లెన్ పోయి రెండేళ్ళయింది. మా ముసలి కుక్క మొన్నటి చలికి పోయింది. ఫిబ్రవరి నెల మొదలు ప్రతి శుక్రవారం ఉదయం నా వరండా కమ్మీ మీద ఒక గుండు నిలబడి కనిపించేది. నాలుగు వారాలు, నాలుగు గుళ్ళు. ఉత్తరం లేదు, పేరు లేదు. షెరీఫ్ పంపిన పోలీసు వచ్చి చూసి, ఎవరో ఆకతాయిల పని అని రాసుకుని, నేను పెట్టిన రూబార్బ్ కాడల తీపి రొట్టె రెండు ముక్కలు తిని వెళ్ళాడు. అయిదోది ఆ శుక్రవారం ఇంట్లోకే వచ్చింది.

ఇక నన్ను నేనే కాపాడుకోవాలని ఆ రోజే తేల్చుకున్నాను. ఆర్లెన్ రివాల్వర్ నా మంచం పక్క సొరుగులో ఉంది, కానీ అందులో పెట్టడానికి ఒక్క తూటా లేదు. ఈ వసంతంలో మా జిల్లా మొత్తం మీద ఏ కొట్లో చూసినా తూటాల అరలు ఖాళీ. అలాంటప్పుడు మావాళ్ళు చేసే పని ఒకటే. పేల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకోవడం, సీసం కరిగించడం, గుళ్ళు సొంతంగా పోసుకోవడం. గొట్టాలు ఆర్లెన్ దాచినవి డబ్బా నిండా ఉన్నాయి. లేనిదల్లా గుళ్ళు పోసే అచ్చు. ఏ అచ్చు కొనాలో చెప్పగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కడే, ఓరిన్ స్కార్.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మా తమ్ముడు లైల్ నన్ను తన పికప్‌లో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. ఖాళీ రివాల్వర్‌ను నేను చేతిసంచిలో వేసుకున్నాను. దారి పొడుగునా వాడు నోరు విప్పలేదు. మామూలుగా అయితే రేడియోలో వచ్చే పశువుల ధరల మీద కూడా వ్యాఖ్యానం చేసే మనిషి. అక్క మీద బెంగతో అలా ఉన్నాడనుకుని, పాపం అని జాలిపడ్డాను కూడా. ఓరిన్ వాకిట్లో బండి ఆపి, తాను లోపలికి రానన్నాడు. వాళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకని ఎప్పుడడిగినా, వేట శిబిరంలో మాటా మాటా వచ్చిందని దాటేసేవాడు.

ఓరిన్‌కు డెబ్భై తొమ్మిదేళ్ళు. మా వారపత్రికలో ముప్ఫై ఏళ్ళు అచ్చు యంత్రం మీద అక్షరాలు పోశాడు. కంప్యూటర్లు వచ్చి ఆ యంత్రాన్ని తుక్కు కింద తీసేస్తే, దానిలోని సీసమంతా ఇంటికి తెచ్చుకుని వాకిట్లో షెడ్డులో గుళ్ళు పోయడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళూ చావులూ చెప్పిన సీసం అదంతా. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. షెడ్డు ముందు తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి ఉంచుతాడు, సీసం పొగ మంచిది కాదని. అందుకే లోపల చలి, బయటి బురద వాసన.

ముందు కాఫీ పోశాడు. తర్వాత బల్ల మీద పాత తువ్వాలు పరిచి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు అచ్చుల్ని వరసగా పెట్టాడు. ఇనుపది బాగానే ఉంటుంది కానీ నూనె రాయడం మరిస్తే తుప్పు పడుతుందట. ఇత్తడిది చూడ్డానికి బంగారంలా ఉంటుంది గానీ అరగంట పట్టుకునేసరికి నా మణికట్టు ఊడి చేతికొస్తుందట. ఆరు గుంటలది అస్సలు వద్దన్నాడు. ఒకేసారి ఆరు గుళ్ళు వస్తాయి కదా అని నేను ఆశగా చూస్తుంటే నవ్వాడు.

"నువ్వు యుద్ధానికి పోతున్నావా అమ్మాయీ? రెండు గుంటల అల్యూమినియంది చాలు. తేలిక. త్వరగా వేడెక్కుతుంది. మొదటి పది గుళ్ళూ ముడతలు పడి వస్తాయి, ఏడవకుండా మళ్ళీ గిన్నెలో పడెయ్."

నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. చేతిలో కప్పు వంగి కాఫీ తువ్వాలు మీద ఒలికింది. ఓరిన్ ఆ మరకనూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అచ్చు ఎంచుకునే ముందు అది ఎందుకో తేలాలన్నాడు. రేకు డబ్బాలు కొట్టడానికైతే ఒక రకం, పందేనికైతే ఒక రకం. నువ్వు దేనికి అని అడిగాడు.

నేను చేతిసంచి తెరిచి రుమాలు మూట విప్పాను. అయిదు గుళ్ళూ బల్ల మీదికి దొర్లాయి.

జరిగిందంతా చెప్పాను. ఓరిన్ అంతా విని, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం తగిలించుకుని, మొదటి గుండును వెలుతురుకు ఎత్తి పట్టుకుని వేలి కొసతో నెమ్మదిగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. రెండోది తీశాడు. మూడోది. నాలుగోది. నాలుగింటినీ ఒకే వైపుకు తిరిగేలా వరసగా నిలబెట్టాడు.

ఏమిటని అడిగాను. భూతద్దం నా చేతికిచ్చాడు. ప్రతి గుండు పక్కనా, మొన దగ్గర్నుంచి నడుం దాకా, వెంట్రుకంత సన్నటి గీత ఉబ్బెత్తుగా ఉంది. నాలుగింటికీ అదే చోట, అదే వంకరతో. అచ్చు గుంటలో గీత పడితే అందులో పోసిన ప్రతి గుండుకూ ఆ గీత వస్తుందని అతను మెల్లగా చెప్పాడు. గుండు ఇరుక్కుని రాకపోతే, అచ్చును కర్రతో తట్టి ఓపికగా ఊడదీయాలి. ఓపిక లేనివాడు స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తాడు. అచ్చు పాడు చేసుకునేది అలాగేనట.

"ఈ గీత నాకు తెలుసు. ఇది నా అచ్చు" అన్నాడు ఓరిన్.

అతను నాకూ తలుపుకూ మధ్య కూర్చుని ఉన్నాడు. పక్కన పొయ్యి మీద గిన్నెలో సీసం కరిగి మెరుస్తోంది, గరిటె అతని చేతికి అందేంత దూరంలో ఉంది. ఆర్లెన్ శవపేటిక మోసిన ఆరుగురిలో ఈయన ఒకడు. ఈయన చేతి కాఫీ తాగుతూ, ఈయన సలహా అడుగుతూ, నా భయమంతా ఈయన ముందే ఒలకబోశానా అనుకున్నాను. సంచిలో ఉన్న రివాల్వర్ మీదికి చెయ్యి పోయింది. అది ఖాళీ అని నాకు తెలుసు. ఖాళీ అని ఇప్పుడే అతనికి కూడా చెప్పాను.

నా చెయ్యి ఎటు పోయిందో అతను చూశాడు. చూసి, తన రెండు చేతులూ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఆ అచ్చు పదకొండేళ్ళుగా నా దగ్గర లేదు తల్లీ. ఒకడికి అరువిచ్చాను. జాగ్రత్తగా తిరిగిస్తానని చెప్పి గీత పెట్టి తెచ్చాడు. నాకొద్దు, నువ్వే అఘోరించు అని వాడి మొహాన కొట్టాను. అప్పట్నుంచి వాడితో మాట్లాడలేదు."

ఎవరని నేను అడగనక్కర్లేకపోయింది. అతను తలుపులోంచి బయట వాకిలి వైపు చూశాడు. నేనూ చూశాను. పికప్‌లో లైల్ స్టీరింగ్ మీద తల ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

భయం అంటే నాకు అప్పటిదాకా తెలుసనుకున్నాను. వరండాలో గుండు చూసినప్పటి భయం వేరు. అది బయటివాడి భయం, తలుపేసుకుంటే కాస్త తగ్గేది. ఇది పసివాడప్పుడు నేను ఎత్తుకుని తిప్పిన తమ్ముడంటే భయం. మూడో గుండు దొరికిన రోజు వాడి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాడు నా వీపు నిమురుతూ, ఇక పట్నంలో మా ఇంటికి వచ్చెయ్యక్కా అన్నాడు. నాలుగో గుండు నాడూ అదే మాట. ఆ రెండు సార్లూ నేను రానన్నాను. ఇంటికి తిరిగి వెళ్ళాలంటే మళ్ళీ వాడి బండే ఎక్కాలి, పద్నాలుగు మైళ్ళు, మధ్యలో ఒక్క ఇల్లు లేదు.

వెనక తలుపు ఉందా అని ఓరిన్‌ను గుసగుసగా అడిగాను. ఉంది కానీ అది ఎటూ పోదు, వాగులోకి పోతుందన్నాడు. తర్వాత లేచి గుమ్మంలో నిలబడి, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి మా తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాడు.

లైల్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే బల్ల మీద వరసగా నిలబెట్టిన నాలుగు గుళ్ళూ, వాటి పక్కన భూతద్దమూ కనబడ్డాయి. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న ట్రాక్టర్‌ను కాలవలో దింపేసి ఇంటికొచ్చిన నాటి మొహం.

"కూర్చోరా" అన్నాను. "ఆ గీత ఎవరు పెట్టారో ఓరిన్ గారు చెప్పారు. మిగతాది నువ్వు చెప్పు."

వాడు కూర్చోలేదు. టోపీ అంచును చుట్టూ తిప్పుతూ, తలెత్తకుండా చెప్పాడు. నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండడం వాడికి ఇష్టం లేదు. జనవరిలో మంచులో జారిపడి మూడు గంటలు పశువుల కొట్టంలో పడి ఉన్నానే, ఆ సంగతి తెలిసినప్పట్నుంచి వాడికి నిద్ర లేదట. చెప్తే వినను, బతిమాలితే తిడతాను. కాస్త భయపెడితే తనంత తానే వచ్చేస్తుందిలే అనుకున్నాడట. ప్రతి గురువారం పట్నంలో పని ముగించుకుని, శుక్రవారం తెల్లారకముందే వచ్చి, దూరంగా బండి ఆపి, నడిచి వచ్చి పెట్టిపోయేవాడట. ఆ నడకంతా, కాలి కింద మంచు చప్పుడు చేస్తే నేను ఎక్కడ లేస్తానో అని వణుకుతూనే ఉన్నాడట.

"నువ్వు వణికావా?" అన్నాను. "నేను నెల రోజులుగా స్నానం చేసేటప్పుడు కూడా తలుపు తీసిపెట్టుకుని చేస్తున్నాను, ఏదైనా అలికిడైతే వినిపించాలని. నువ్వు వణికావా?"

వాడు ఏడ్చాడు. యాభై ఆరేళ్ళ మగాడు ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కొట్టాలనిపించింది. కోపంతో పాటు, చెప్పొద్దూ, గుండెల మీదనుంచి పెద్ద బండ దింపినట్టుంది. నన్ను చంపాలనుకునేవాడెవడూ లేడు. ఉన్నదల్లా ఒక మూర్ఖపు తమ్ముడు, వాడి దగ్గర ఒక పాడైపోయిన అచ్చు. ఊపిరి కడుపులోపలి దాకా పోయి నెల రోజులైందని అప్పుడే తెలిసింది.

"సరే, నాలుగూ వరండాలో పెట్టావు" అన్నాను. "మరి నిన్న నా వంటింట్లోకి ఎలా దూరావు? గడియ వేసిన తలుపు దాటి మాత్రల సీసా పక్కన ఎలా పెట్టావు?"

లైల్ తలెత్తాడు. కళ్ళల్లో నీళ్ళు ఉన్నట్టే ఉన్నాయి గానీ ఏడుపు ఆగిపోయింది.

"వంటింట్లోనా?" అన్నాడు. "ఇంకొకటి వచ్చిందని మాత్రమే చెప్పావు ఫోన్లో. అక్కా, నిన్న నేను రాలేదు. ఈ వారం నేనేమీ పెట్టలేదు. నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి అదే ఆలోచిస్తున్నాను, పెట్టిందెవరని. అందుకే దారిలో నోరు పెగల్లేదు."

అబద్ధమన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, ఇక్కడ రాసేవి కావు. ఓరిన్ మా ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టి, అయిదో గుండును రెండు వేళ్ళతో తీశాడు. ఇంతసేపూ అది నాలుగింటికీ దూరంగా, తువ్వాలు అంచున పడి ఉంది. మేమెవరమూ దాన్ని సరిగ్గా చూడలేదు.

దానికి గీత లేదు. అంతేకాదు, మిగతావి అచ్చులోంచి తీసినవి తీసినట్టే ఉన్నాయి, తళతళా మెరుస్తూ, అడుగు గరుగ్గా. చూపించడానికే తప్ప పేల్చడానికి పనికి రావు. దీని నడుం చుట్టూ ఉన్న గాడిలో గోధుమరంగు మైనం నింపి ఉంది. సరైన కొలతకు రంధ్రమున్న ఉక్కు పలక గుండా నొక్కి, ఒళ్ళంతా నునుపు చేసి ఉంది. తూటా గొట్టంలో కూర్చోబెట్టడమే తరువాయి అన్నాడు ఓరిన్. చేసినవాడికి పని బాగా తెలుసు, లైల్ జన్మలో ఇంత శుభ్రంగా చెయ్యలేడు అని కూడా అన్నాడు. అది వాణ్ణి వెనకేసుకు రావడమో తిట్టడమో తెలియలేదు.

తర్వాత మందం కొలిచే మైక్రోమీటర్‌లో పెట్టి బిగించాడు. చదివాడు. విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు.

ఈ సైజు ఏ కొట్లోనూ దొరకదన్నాడు. మామూలు గుండు కంటే లావు. ఇంత లావు గుండు ఎవరూ ఊరికే చెయ్యరు. ఏ ఒక్క తుపాకీకో గొట్టం వదులుగా ఉంటే, దాన్ని కొలిచి, ఆ కొలతకు సరిపోయే అచ్చు వెతికి, దానికోసం చెయ్యాలి. అచ్చు ఎంచుకోవడమంటే అసలు పని అదేనని, అచ్చు కొనేముందు తుపాకీ లోపలి కొలత తియ్యాలని, నాకు ఇందాక చెప్పబోయి ఆగిపోయానని అన్నాడు.

అలా అంటూనే మాట ఆపేసి నా సంచి వైపు చూశాడు.

"ఆర్లెన్ రివాల్వర్ ఇటివ్వు."

ఇచ్చాను. ఖాళీ అవునో కాదో రెండుసార్లు చూసుకున్నాడు. మెత్తటి సీసపు ముక్క ఒకటి తీసుకుని నూనె రాసి, తుపాకీ గొట్టం మూతిలో పెట్టి, చెక్క పుల్లతో కొద్దికొద్దిగా తడుతూ లోపలికి దింపాడు. ఆ పని నెమ్మదిగా సాగింది. బయట బురదలో కంచె మీద ఏదో పిట్ట కూస్తోంది. లైల్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. తోసెయ్యాలనిపించింది, తోసెయ్యలేకపోయాను.

సీసం ముక్క అటు వైపునుంచి బల్ల మీద పడింది. ఓరిన్ దాన్ని కొలిచాడు. ఆ అంకెను పెన్సిల్‌తో బల్ల మీదే రాశాడు. దాని కింద, అయిదో గుండు కొలత రాశాడు. ఆ గుండు ఎంత ఉండాలో అంతే ఉంది, ఆ గొట్టంలో బిగుతుగా కూర్చోడానికి కావలసిన ఆ రవ్వంత ఎక్కువతో సహా. అప్పుడు రివాల్వర్ చక్రం పక్కకు తెరిచి, తూటాలు పెట్టే ఆరు గదుల మూతుల మీదా ఆ గుండును పెట్టి చూశాడు. ప్రతి దాంట్లోనూ వేలితో నెడితే మెత్తగా జారి ఆగింది.

"ఇలా కొలవాలంటే ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"అరగంట. తుపాకీ చేతిలో ఉండాలి. తొందరపడకూడదు."

తుపాకీ నా మంచం పక్క సొరుగులో తప్ప, ఆర్లెన్ పోయిన రోజు నుంచి ఈ పొద్దుటిదాకా, ఇంకెక్కడా లేదు. ఎవరో నా పడగ్గదిలోకి వచ్చి, సొరుగు లాగి, అరగంట కూర్చుని కొలుచుకుని, దాన్ని ఉన్న చోట ఉన్నట్టే పెట్టి వెళ్ళారు. తర్వాత ఎక్కడో కూర్చుని దానికి సరిపోయే గుండు పోసి, సరిపోతుందో లేదో నాకే చూపించిపోయారు. ఆ గదిలో నేను ఉన్నప్పుడు వచ్చారో లేనప్పుడు వచ్చారో నాకు తెలియదు. స్టూలు మీద కూలబడ్డాను.

ఓరిన్ రివాల్వర్‌ను నాకు తిరిగి ఇవ్వలేదు. తువ్వాలులో చుట్టి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మాయీ, ఇది నిన్ను బెదిరించడానికి చేసింది కాదు. నీ తుపాకీలో పెట్టడానికి చేసింది. నీ ఇంట్లో, నీ మంచం పక్కన, నీ తుపాకీతోనే పని అయిపోతే, ఇంకొకరు చేశారని ఎవరికి అనుమానం వస్తుంది?"

భర్త పోయిన ఆడది, ఒంటరిది అని జనం ఏం చెప్పుకుంటారో నాకు వినబడినట్టే ఉంది. నన్ను నేనే కాల్చుకున్నానని ఎవరూ నమ్మరులే, నేను అలాంటిదాన్ని కాదని అందరికీ తెలుసు అని పైకే అన్నాను. లైల్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"అక్కా" అన్నాడు. "నువ్వు పట్నానికి రావాలంటే పది మందీ నీకు చెప్పాలి కదా. అందుకని నేనే చెప్పాను. ఆర్లెన్ బావ పోయాక నీ మనసు బాగోలేదని. ఎప్పుడైనా ఏదైనా చేసుకుంటావేమోనని నాకు భయంగా ఉందని."

"ఎవరికి చెప్పావురా?"

వాడు ఓరిన్ వైపు చూశాడు. ఓరిన్ తల దించుకున్నాడు. అంటే ఆయన కూడా విన్నాడన్నమాట.

"అందరికీ" అన్నాడు లైల్.